పార్కు పాలకుల సొత్తు కాదు

కాలనీ పార్కులో ఎవరో రాత్రికి రాత్రి ప్రహరీ కడితే దాన్ని కబ్జా అంటాం. అధికారులు జేసీబీతో వస్తారు, గోడ కూలుస్తారు, కేసు పెడతారు. అదే పార్కును ప్రభుత్వం జీవో ఇచ్చి, భూ వినియోగం మార్చి, ఒక వ్యాపార సంస్థకు దశాబ్దాల లీజుకు అప్పగిస్తే దానికి అభివృద్ధి అని పేరు పెడతాం. రెండు సందర్భాల్లోనూ ఆ చుట్టుపక్కల పిల్లలకు ఆట స్థలం పోతుంది, పెద్దవాళ్లకు నడిచే చోటు పోతుంది. కబ్జా అయిన స్థలాన్ని ఎప్పటికైనా విడిపించవచ్చు. కాగితాలన్నీ సక్రమంగా రాసుకుని పోగొట్టుకున్న పార్కు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ రెండో దారి మొదటిదానికంటే ప్రమాదకరమైనది. మన నగరాలు ఇప్పుడు ఆ దారి పడుతున్నాయి.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో హార్బర్ పార్కు స్థలం కథ చూడండి. సముద్రానికి దగ్గరలో ఉన్న 13 ఎకరాల పైచిలుకు భూమి అది. గత దశాబ్దంలో ఒక ప్రభుత్వం దాన్ని కన్వెన్షన్ సెంటర్, షాపింగ్ మాల్, స్టార్ హోటల్ కోసం లులు గ్రూపునకు కేటాయించింది. 2019లో వచ్చిన మరో ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. 2025లో తిరిగి అదే గ్రూపునకు షాపింగ్ మాల్ కోసం 99 ఏళ్ల లీజుకు ఇవ్వాలని నిర్ణయం జరిగింది. నగరాభివృద్ధి సంస్థ చేతిలో ఉన్న ఆ భూమిని పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు బదలాయించమన్నారు. ఇచ్చింది ఎవరు, రద్దు చేసింది ఎవరు అన్న పార్టీల వాదనలో పడితే అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది. ఇచ్చినప్పుడూ, తీసేసినప్పుడూ, తిరిగి ఇచ్చినప్పుడూ ఆ నిర్ణయం విశాఖ ప్రజల చేతిలో లేదు. ఒక నగరానికి ఉన్న తీర ప్రాంతపు ఖాళీ స్థలం భవిష్యత్తును ఆ నగరం కాక ఇంకెవరో తేల్చారు.

ఆ 99 ఏళ్లు అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. 2025లో మొదలయ్యే లీజు ముగిసేది 2124లో. ఐదేళ్ల కోసం ఎన్నికైన ప్రభుత్వం తన తర్వాత వచ్చే పంతొమ్మిది, ఇరవై ప్రభుత్వాల చేతులు ఇప్పుడే కట్టేస్తోందన్నమాట. ఇంకా పుట్టని మనవల మనవలు ఎక్కడ ఆడుకోవాలో కూడా ఈ రోజు సంతకం పెట్టినవారే తేల్చేస్తున్నారు. అమ్మలేదు, లీజుకే ఇచ్చాం కదా అనే సమాధానం వినడానికి బాగుంటుంది. కానీ నాలుగు తరాల పాటు చేయి దాటిపోయిన భూమికి, అమ్ముడుపోయిన భూమికి మధ్య తేడా రిజిస్ట్రేషన్ కార్యాలయానికే తెలుస్తుంది. అక్కడ బతికే మనిషికి తెలియదు.

ప్రభుత్వ భూమి కాబట్టి ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చునన్నది చాలామంది నిజాయతీగానే నమ్మే మాట. ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఎప్పుడో తోసిపుచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డు భూమిని ఒక మోటెల్ యాజమాన్యానికి కట్టబెట్టిన వ్యవహారంలో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ లీజును రద్దు చేసింది. నదులు, తీరాలు, అడవుల వంటి సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదనీ, ప్రజల తరఫున వాటిని కాపాడే ధర్మకర్త మాత్రమేననీ స్పష్టం చేసింది. రెండున్నరేళ్లకే ఆ సూత్రం నగరంలోని పార్కుకూ వర్తిస్తుందని తేల్చింది. ధర్మకర్త చేయాల్సిన పని కాపాడటం. యజమాని తన అవసరానికి అమ్ముకున్నట్టు ధర్మకర్త అమ్ముకోకూడదని ఆలయ భూముల చరిత్ర తెలిసిన తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు.

పార్కు విషయంలో ఆ సూత్రాన్ని నిలబెట్టిన తీర్పు లక్నో నుంచి వచ్చింది. ఆ నగరంలో రద్దీకి పేరుపడ్డ అమీనాబాద్ బజారు నడుమ ఝండేవాలా పార్కు ఉంది. స్వాతంత్ర్యోద్యమంతో ముడిపడిన చోటు అది. 1993లో అక్కడి నగరపాలక సంస్థ ఒక బిల్డర్‌తో ఒప్పందం చేసుకుంది. పార్కును తవ్వి కింద షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలి, పైన మళ్లీ మట్టి పోసి పచ్చిక పెంచాలి. టెండర్లు పిలవలేదు. పార్కు స్వాధీనం, దుకాణాలు అప్పగించే అధికారం అన్నీ బిల్డర్ చేతికి వెళ్లాయి. పార్కు ఎక్కడికీ పోదు, పైన అలాగే ఉంటుంది, నగరపాలక సంస్థకు ఖర్చు లేకుండా ఆస్తి సమకూరుతుంది, ట్రాఫిక్ సమస్య తీరుతుంది అన్నవి అప్పుడు వినిపించిన వాదనలు. ముప్ఫై ఏళ్ల తర్వాత మన నగరాల్లో వినిపిస్తున్న వాదనలతో పోల్చి చూడండి. ఒక్క మాట కూడా మారలేదు.

1994లో హైకోర్టు ఆ ఒప్పందాన్ని కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. విచారణ సాగుతుండగానే బిల్డర్ తన సొంత బాధ్యత మీద నిర్మాణం కొనసాగించాడు. 1999 జులైలో తీర్పు వచ్చేసరికి భూగర్భంలో కాంక్రీటు లేచి కూర్చుంది. ఇంత డబ్బు పోశాం, ఇప్పుడు కూల్చమంటే ఎలా అని బిల్డర్ మొరపెట్టుకున్నా కోర్టు కరగలేదు. పైన పచ్చిక పరిచినంత మాత్రాన అది పార్కు కాదనీ, కాంక్రీటు కప్పు మీది మట్టిలో పెద్ద చెట్లు పెరగవనీ గుర్తించింది. పార్కును నిలుపుకోవడం నగరపాలక సంస్థ చట్టబద్ధ విధి అనీ, ఆ విధిని ఒప్పందంతో వదులుకునే హక్కు దానికి లేదనీ చెప్పింది. కాంప్లెక్సులో ఎక్కువ భాగాన్ని కూల్చి పార్కును యథాస్థితికి తేవాలని, మిగిలిన ఒక్క భాగాన్ని వాహనాల పార్కింగ్‌కు మార్చాలని ఆదేశించింది.

ఈ తీర్పులో ఇంకో చేదు పాఠమూ ఉంది. ఉత్తరప్రదేశ్‌లో పార్కులు, ఆట స్థలాలు, ఖాళీ స్థలాల రక్షణకు 1975 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. చట్టం ఉన్నా ఆ పార్కు చేయి జారింది. కాపాడాల్సిన సంస్థే ఒప్పందం మీద సంతకం చేసింది. కంచే చేను మేసింది. నగర పౌరులు కోర్టు మెట్లెక్కి ఉండకపోతే ఈ రోజు అక్కడ పార్కు ఉండేది కాదు.

దక్షిణాదిలోనూ అంతకుముందే ఇలాంటి తీర్పు ఉంది. బెంగళూరు సదాశివనగర్ ప్రాంతంలో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చారు. ముఖ్యమంత్రి స్థాయిలో జరిగిన నిర్ణయం అది. స్థానికులు పోరాడారు. ఆస్పత్రి కూడా ప్రజలకు పనికొచ్చేదే కదా అన్న వాదన వచ్చింది. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును అంగీకరించలేదు. పార్కు మీద హక్కు ఆ ప్రాంతవాసులందరిదీ అని, ప్రైవేటు ఆస్పత్రి దాని స్థానాన్ని భర్తీ చేయలేదని తేల్చింది. హర్యానాలోని థానేసర్‌లో ఖాళీ స్థలంగా ఉంచాల్సిన భూమిని ధర్మశాల కట్టడానికి ఒక సంస్థకు లీజుకిస్తే 1994లో దాన్నీ కొట్టేసింది. ఆస్పత్రికి, ధర్మశాలకే పార్కు స్థలం ఇవ్వకూడదన్నప్పుడు మాల్‌కు, మల్టీప్లెక్స్‌కు ఏ న్యాయం కింద ఇస్తారు?

మన నేల మీది కేసులూ తక్కువేం లేవు. తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ల నిర్మాణానికి బదలాయించారు. అక్కడి పౌరులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2006లో వచ్చిన తీర్పు ప్రజా వనరుల బదలాయింపును న్యాయస్థానాలు ఎంత నిశితంగా పరీక్షించాలో చెప్పింది. కానీ అప్పటికే కట్టడాలు లేచిపోయాయి. ఇకపై కొత్త నిర్మాణాలు వద్దని, ఉన్న ఇళ్లలో వాన నీటిని ఇంకించాలని ఆదేశించగలిగారు తప్ప చెరువులను పూర్తిగా వెనక్కి తేలేకపోయారు. తీర్పు ప్రజల పక్షాన వచ్చింది, నీరు మాత్రం తిరిగి రాలేదు. ఆలస్యమైన న్యాయానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

హైదరాబాద్‌లో 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి నేర్పిన పాఠమూ అదే. విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాలు ప్రభుత్వానివేనని అంతకుముందే కోర్టులు తేల్చాయి. ఆ ధైర్యంతో వేలానికి సిద్ధం చేస్తూ మార్చి చివరిలో యంత్రాలను దింపారు. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా జోక్యం చేసుకుని చెట్ల నరికివేతను ఆపించింది. భూమి ఎవరిది అన్న ప్రశ్న తీరినా ఆ భూమిని ఏం చేయవచ్చు అన్న ప్రశ్న తీరదని ఆ ఆదేశం చాటింది. అయితే అప్పటికే, ఆ కొద్ది రోజుల్లోనే, దాదాపు 100 ఎకరాల పచ్చదనం నేలకూలింది. ఉత్తర్వు వేగం ఎంతైనా, జేసీబీ వేగం దానికంటే ఎక్కువ.

ప్రభుత్వాలకు ఈ తొందర ఎందుకన్నది బహిరంగ రహస్యం. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలో జరిగిన వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. ఆ అంకె విన్న నాటి నుంచి ప్రతి ఖాళీ స్థలమూ ఖజానాకు రావాల్సిన సొమ్ముగా కనిపించడం మొదలైంది. జీతాలకు, పథకాలకు, వడ్డీలకు డబ్బు వెతుక్కునే ప్రభుత్వానికి నగరం నడుమ ఉన్న పదెకరాల పార్కు ఊరికే పడి ఉన్న ధనం. పార్కు ఇచ్చే లాభం బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు కిందా రాదు. అమ్మితే వచ్చే ధర మాత్రం తెల్లారేసరికి పత్రికల్లో వస్తుంది. లెక్కలోకి రాని విలువ ముందుగా బలి కావడం ఇక్కడి ప్రమాదం.

పార్కు ఒక్కసారిగా పోదు. మొదట నిధులు ఆగిపోతాయి. కాపలాదారు ఉండడు, లైట్లు వెలగవు, ఊయలలు విరుగుతాయి, ఒక మూల చెత్త పడుతుంది. కొన్నాళ్లకు అది అసాంఘిక శక్తుల అడ్డా అన్న వార్తలు వస్తాయి. ఆ పేరు పడ్డాక గేటుకు తాళం పడుతుంది. ఆ తర్వాత ప్రైవేటు భాగస్వామ్యంతో ఆధునికీకరణ అన్న ప్రతిపాదన వస్తుంది. మొదట ఫుడ్ కోర్టు, తర్వాత పార్కింగ్, తర్వాత ఫంక్షన్ హాలు, చివరికి వాణిజ్య సముదాయం. ఈలోగా మాస్టర్ ప్లాన్‌లో ఆకుపచ్చ రంగు మారిపోతుంది. అభ్యంతరాలు తెలపమంటూ పత్రిక లోపలి పేజీలో చిన్న అక్షరాల ప్రకటన పడుతుంది. గడువు ముగిసేదాకా ఆ వీధివాళ్లెవరికీ దాని సంగతి తెలియదు. ఇన్ని మెట్లలో ఏదీ చట్ట విరుద్ధంగా కనిపించదు. అన్నీ కలిస్తే పార్కు మిగలదు.

నిర్వహణకు డబ్బు లేదన్న మాట ఇక్కడ నిలవదు. పార్కులు, ఉద్యానవనాలు, ఆట స్థలాల ఏర్పాటును రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలు పురపాలక సంస్థల బాధ్యతల్లోనే చేర్చింది. తెలంగాణ 2019 పురపాలక చట్టం ప్రతి పట్టణమూ తన బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలంటోంది. చట్టమే డబ్బు చూపించినప్పుడు పార్కును ఎండబెట్టడం చేతకానితనం కాదు, ఎంపిక. ఆ ఎంపికకు ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి.

కాలనీ పార్కుల విషయంలో ఇంకో వాస్తవం మరుగున పడుతోంది. లేఅవుట్ వేసినప్పుడు సాధారణంగా పదో వంతు స్థలం దాకా పార్కుకు, ఉమ్మడి అవసరాలకు వదలాలి. ఆ స్థలాన్ని స్థానిక సంస్థకు ఉచితంగా దాఖలు చేస్తారు. కానీ దాని ఖర్చును లేఅవుట్ యజమాని తన జేబులోంచి పెట్టుకోడు. మిగిలిన ప్లాట్ల ధరలో కలిపి వసూలు చేస్తాడు. జీవితకాలపు పొదుపుతో 200 గజాలు కొనుక్కున్న గుమస్తా, టీచరు, ఆర్టీసీ కండక్టరు ఆ పార్కుకూ డబ్బు కట్టారన్నమాట. వాళ్లు కొన్న స్థలాన్ని వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడాన్ని ఏమనాలో ప్రభుత్వమే చెప్పాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024లో హైడ్రాను ఏర్పాటు చేసి చెరువులను, పార్కులను ఆక్రమణల నుంచి విడిపించే పని దానికి అప్పగించింది. కబ్జా అయిన కాలనీ పార్కులు కొన్ని తిరిగి ప్రజలకు దక్కాయి. ఆ పని మంచిదే. అయితే ఆక్రమణదారుడికి వర్తించే న్యాయమే పాలకుడికీ వర్తించాలి. పేదవాడి గుడిసెనో, మధ్యతరగతి మనిషి గోడనో తొలగించడానికి చూపిన పట్టుదల, ప్రభుత్వమే పార్కును కట్టబెట్టబోతున్నప్పుడు ఆపడానికీ కనిపించాలి. అలా కనిపించకపోతే జనం చట్టం మీద నమ్మకం కోల్పోతారు. అది పార్కు పోవడం కంటే పెద్ద నష్టం.

ఉద్యోగాలు, పెట్టుబడులు, పర్యాటకం అక్కర్లేదని ఎవరూ అనరు. మాల్ వస్తే కొన్ని వందల మందికి పని దొరకవచ్చు. అది నిజమైన లాభమే, తోసిపుచ్చదగ్గది కాదు. కానీ మాల్ ఎక్కడైనా కట్టవచ్చు. రింగు రోడ్డు పక్కన కట్టవచ్చు, మూతపడ్డ మిల్లు స్థలం మార్కెట్ ధరకు కొనుక్కుని కట్టవచ్చు. పార్కు అలా కాదు. ఇళ్ల మధ్య, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటేనే అది పార్కు. దానికి బదులుగా ఊరి చివర ఇరవై ఎకరాలు చూపిస్తామంటే, కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన అక్కడికి ఎలా వెళ్తాడు? మరో ప్రశ్న కూడా అడగాలి. వ్యాపారం నిజంగా లాభసాటిదైతే ఆ సంస్థకు ప్రజల భూమి రాయితీ మీద ఎందుకు? లాభసాటి కాకపోతే ప్రజల భూమిని దాని మీద పణంగా పెట్టడం ఎందుకు?

మనకు పార్కులు ఎక్కువై అమ్ముకోవడం లేదు. నగరంలో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని కేంద్రం 2014లో పట్టణ ప్రణాళికకు ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అపార్టుమెంట్లతో కిక్కిరిసిన మన పాత వార్డుల్లో ఏ మూల నిలబడి చూసినా ఆ ప్రమాణం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. రోహిణి కార్తెలో కాంక్రీటు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. మట్టి, చెట్టు ఉన్న చోట ఆ వేడి తగ్గుతుంది. 2020 అక్టోబరు వరదలో హైదరాబాద్ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. వాన నీరు ఇంకే నేలను మూసేసిన నగరాలకు అది ముందే వినిపించిన హెచ్చరిక.

లెక్కకు అందని విలువ ఇంకా ఉంది. జేబులో రూపాయి లేకపోయినా గంటసేపు కూర్చోగలిగిన చోటు నగరంలో పార్కు ఒక్కటే. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రాడికి అది గ్రంథాలయం. ఇరుకింట్లో మాట్లాడుకోలేని కొత్త దంపతులకు అదే హాలు. పని దొరకని అడ్డా కూలీకి నీడ. మన పట్టణాల్లో మున్సిపల్ పార్కు రేడియో దగ్గర సాయంత్రం వార్తలు విన్న తరం ఇంకా ఉంది. ఊరి సంగతులు, దేశం సంగతులు ఆ బెంచీల మీదే చర్చకు వచ్చేవి. మాల్‌లో నలుగురు చేరి సభ పెట్టుకోలేరు, కరపత్రం పంచలేరు. కొనేవాడికే అక్కడ గౌరవం. పార్కులో అందరూ పౌరులు. ఆ స్థలం కుంచించుకుపోతే ప్రజాస్వామ్యం నిలబడే నేల కూడా కుంచించుకుపోతుంది.

వేరే దారి లేదనడానికీ వీల్లేదు. అదే విశాఖలో నగరం నడిబొడ్డున ఉన్న పాత సెంట్రల్ జైలును అడవివరానికి తరలించాక, కోట్లు పలికే ఆ స్థలం సెంట్రల్ పార్కు అయింది. ఆ భూమినీ ముక్కలు చేసి వ్యాపారానికి ఇవ్వగలిగేవారే. ఇవ్వలేదు. ఈ రోజు ఆ పార్కు అక్కర్లేదని చెప్పే నగరవాసి కనిపించడు. ఒకే నగరం, దాదాపు ఒకే కాలం, రెండు దారులు. ఏ దారిన వెళ్లాలన్నది పాలకుల సంకల్పం మీదే ఆధారపడి ఉంది.

అందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వెంటనే కొన్ని పనులు చేయాలి. ప్రతి పట్టణంలోని పార్కులు, ఆట స్థలాలు, లేఅవుట్ ఖాళీ స్థలాల జాబితాను సర్వే నంబర్లు, హద్దులు, విస్తీర్ణంతో సహా ప్రకటించాలి. ఆ వివరాలు ప్రతి పార్కు గేటు దగ్గర బోర్డు మీద ఉండాలి. పార్కు భూమిని వాణిజ్యానికి అమ్మడం, దీర్ఘకాలిక లీజుకు ఇవ్వడం, భూ వినియోగం మార్చడం కుదరదని శాసనసభలు చట్టంలో తిరుగులేకుండా రాయాలి. తాగునీరు, మరుగుదొడ్డి, టీ దుకాణం వంటి సదుపాయాలకు స్వల్పకాలిక లైసెన్సులు ఇవ్వవచ్చు. భూమి మీద హక్కు ఎవరికీ ఇవ్వకూడదు. ప్రజా భూమికి సంబంధించిన ఏ ఒప్పందమైనా, దానికి కట్టిన విలువతో సహా, సంతకానికి ముందే బహిరంగపరచాలి. ఆ వార్డులోనే సభ పెట్టి ప్రజల మాట వినాలి. అభ్యంతరాలు తేలేదాకా, కోర్టులో వ్యాజ్యం ఉంటే అది తేలేదాకా, ఒక్క చెట్టు మీద కూడా చేయి వేయకూడదు. హార్బర్ పార్కు నిర్ణయాన్నీ ఇదే గీటురాయి మీద పునఃసమీక్షించాలి.

పౌరుల బాధ్యత కూడా తక్కువ కాదు. మీ కాలనీ లేఅవుట్ ప్రతి, పార్కు దాఖలు పత్రం సంఘం దగ్గర ఉన్నాయా? లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే అడగండి. భూ వినియోగ మార్పు ప్రకటనలను చదవడం ఒకరి పనిగా అప్పగించుకోండి. గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. పార్కు శిథిలమవుతుంటే చూస్తూ ఊరుకోకండి. నిర్లక్ష్యమే అమ్మకానికి మొదటి మెట్టు. లక్నోలో, బెంగళూరులో, తిరుపతిలో న్యాయస్థానాలు కదిలింది పౌరులు ముందు కదిలారు కాబట్టి. అయితే తిరుపతి చెరువుల గతి చూస్తే అర్థమవుతుంది, కోర్టు దాకా వెళ్లేసరికే సగం పోగొట్టుకుంటాం. పునాది తీశాక చేసే పోరాటం కంటే సంతకానికి ముందు చెప్పే అభ్యంతరం బలమైనది.

ఏ ప్రభుత్వమైనా మాల్ కట్టించానని చెప్పుకోవచ్చు, ఓడిపోతే మరో ప్రభుత్వం ఇంకో మాల్ కట్టించవచ్చు. నగరం నడుమ పోయిన పార్కును మాత్రం ఏ ప్రభుత్వమూ తిరిగి తేలేదు. అలాంటి నష్టాన్ని కొనితెచ్చే అధికారం ఓటరు ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వని అధికారాన్ని వాడుకోవడం పాలకులు మానుకోవాలి. మానుకోకపోతే అడ్డుకోవడం మన హక్కు, మన పని.